13 నవలలు, 33 సినిమాలు: పుస్తకంలోని డిటెక్టివ్ టీవీకి వచ్చేసరికి ఎందుకు మారిపోతాడు?

పేరున్న నవల ఏదైనా తెర మీదికి వచ్చిందంటే చాలు, గొడవ మొదలవుతుంది. "పుస్తకంలో అతనికి పెళ్లే కాలేదు కదా", "హంతకుడు వేరే కదా", "అసలు ఈ పాత్ర ఎక్కణ్ణుంచి వచ్చింది?" డిటెక్టివ్ నవలల దగ్గరైతే ఈ గొడవ ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ప్రేమకథలో రెండు సీన్లు అటూ ఇటూ అయినా సర్దుకుపోవచ్చు. అపరాధ పరిశోధనలో ఒక చిన్న క్లూ జారిపోయినా చివరి అధ్యాయం నిలబడదు. పైగా ఒకే డిటెక్టివ్ పదీ పదిహేను నవలల్లో కనిపిస్తాడు కాబట్టి పాఠకులకు అతను చుట్టంలాంటివాడు. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో యుగంధర్‌నీ రాజునీ చదివి, వాళ్ల ముఖాలు తామే ఊహించుకున్న తరానికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఓటీటీల పుణ్యమా అని ఏ దేశం డిటెక్టివ్ అయినా మన ఇంట్లోకి వచ్చేస్తున్నాడు. టైటిల్స్‌లో ఒకచోట "ఫలానా నవల ఆధారంగా" అని ఉంటుంది, ఇంకోచోట "ఫలానా రచయిత సృష్టించిన పాత్రల ఆధారంగా" అని ఉంటుంది. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. అసలు మార్పులు ఎందుకు చేస్తారు, ఎక్కడ తప్పనిసరి అవుతాయి, ఎక్కడ కేవలం నిర్మాతల ఇష్టం అన్నది అర్థం కావాలంటే ఒక కేసు పట్టుకుని చివరిదాకా చూడటం మేలు. అందుకు బ్రిటన్‌కి చెందిన ఇన్‌స్పెక్టర్ మోర్స్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. కోలిన్ డెక్స్టర్ రాసినవి 13 నవలలు. బ్రిటన్ టీవీ ఛానల్ ఐటీవీలో 1987 నుంచి 2000 దాకా వచ్చిన టెలిఫిల్మ్‌లు 33. ఈ లెక్కలోనే సగం కథ ఉంది.

టెలిఫిల్మ్, సీరియల్, మినీ సిరీస్: ఏది ఏది?

థియేటర్ కోసం కాకుండా నేరుగా టీవీలో వేయడానికే తీసిన సినిమాను టెలిఫిల్మ్ అంటారు. కథ ఆ రాత్రే మొదలై ఆ రాత్రే ముగుస్తుంది. సీరియల్ వారాల తరబడి, నెలల తరబడి నడుస్తుంది. మినీ సిరీస్‌లో ఒకే కథను మూడు నాలుగు భాగాలు చేసి చూపిస్తారు. తిరకాసు ఎక్కడంటే, ఒకే డిటెక్టివ్‌ని పెట్టి ఏడాదికి నాలుగైదు టెలిఫిల్మ్‌లు తీస్తే వాటన్నిటినీ కలిపి కూడా "సిరీస్" అనే పిలుస్తారు. నవలల వరసకూ అదే మాట. అందుకే "సిరీస్ చూశాను" అని ఎవరైనా అన్నప్పుడు పుస్తకాలన్నీ తెరకెక్కాయనుకుంటే పొరపాటే.

ఏ రూపం ఎంచుకోవాలన్నది చాలావరకు మూలకథ పొడవు నిర్ణయిస్తుంది. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ తీసిన బ్యోమకేశ్ బక్షీని గుర్తు తెచ్చుకోండి. రజిత్ కపూర్ హీరో. శరదిందు బంద్యోపాధ్యాయ రాసిన వాటిలో చాలా మటుకు కథలు, పెద్దకథలు. కాబట్టి తక్కువ నిడివి ఎపిసోడ్లలో హాయిగా ఇమిడిపోయాయి. పెద్దగా కోత పెట్టాల్సిన అవసరమూ రాలేదు, అతికించాల్సిన అవసరమూ రాలేదు.

డెక్స్టర్ నవలలు అలా ఇమిడేవి కావు. గట్టిగా పైకి చదివితే ఒక్కొక్కటి ఏడెనిమిది గంటలు పడుతుంది. అప్పట్లో బ్రిటిష్ టీవీలో పోలీసు కథలకు మామూలుగా గంట స్లాట్ ఇచ్చేవాళ్లు. మోర్స్ నిర్మాత కెన్నీ మెక్‌బెయిన్ బృందం ఏకంగా రెండు గంటల స్లాట్ తీసుకుంది. ప్రకటనలు పోగా సుమారు 100 నిమిషాలు మిగులుతాయి. ఒక డిటెక్టివ్ కథ కోసం ప్రేక్షకుడు అంతసేపు టీవీ ముందు కదలకుండా కూర్చుంటాడా అన్న అనుమానం అప్పట్లో ఉండటం సహజమే. కూర్చున్నారు, కోటికి పైగా జనం. కానీ ఏడెనిమిది గంటల సరుకుని 100 నిమిషాల్లో చెప్పాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదిలారన్నదే అసలు ప్రశ్న.

ఐదో నవల మొదటి సినిమా అయిన వైనం

మోర్స్ మొదటి నవల 'లాస్ట్ బస్ టు వుడ్‌స్టాక్' 1975లో వచ్చింది. మోర్స్, అతని కింద పనిచేసే సార్జెంట్ లూయిస్ జంటగా పరిశోధించే మొదటి కేసు అదే. టీవీ వాళ్లు దాంతో మొదలుపెట్టలేదు. 1981 నాటి ఐదో నవల 'ద డెడ్ ఆఫ్ జెరికో'ని తీసుకున్నారు. అది 1987 జనవరి 6న ప్రసారమైంది. ఆంథనీ మింగెల్లా స్క్రీన్‌ప్లే, ఆలిస్టర్ రీడ్ దర్శకత్వం. (ఇదే మింగెల్లా తర్వాత 'ది ఇంగ్లిష్ పేషెంట్'కి దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నాడు.) తర్వాతి రెండు వారాల్లో మూడో నవల, నాలుగో నవల సినిమాలుగా వచ్చాయి. మొదటి నవల వంతు 1988లో గానీ రాలేదు.

ఇలా చేయగానే ఒక చిక్కు వచ్చిపడింది. ఐదో నవల నాటికి మోర్స్‌కీ లూయిస్‌కీ ఏళ్ల పరిచయం. టీవీ ప్రేక్షకుడికి ఇద్దరూ కొత్తవాళ్లే. అందుకని మింగెల్లా ఈ కేసులోనే ఇద్దరికీ పరిచయం కుదిర్చాడు. సినిమాలో కేసు ముందుగా చీఫ్ ఇన్‌స్పెక్టర్ బెల్ అనే అధికారి చేతిలో ఉంటుంది, లూయిస్ అతని కింద పనిచేస్తుంటాడు. మోర్స్ ఈ కేసులోకి పోలీసుగా రాలేదు. చనిపోయిన ఆన్ అతనికి తెలిసిన మనిషి, మనసుపడిన మనిషి కూడా. మోర్స్ తమకు అడ్డుపడుతున్నాడనుకున్న లూయిస్ మెల్లగా అతని వైపు తిరగడం సినిమాకి సొంత కథ అయింది. నవలలో ఇది లేదు.

ఇంకో మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పని చేస్తుంది. నవలలో మోర్స్‌కి ఆన్ స్కాట్ ఒక పార్టీలో పరిచయమవుతుంది. సినిమాలో ఆమె ఇంటిపేరు స్టేవ్‌లీ, ఇద్దరూ ఒకే బృందంలో కోరస్ పాడుతుంటారు. దాంతో మోర్స్‌కి సంగీతం అంటే ప్రాణం అన్న సంగతి ఒక్క డైలాగ్ కూడా లేకుండా మొదటి నిమిషాల్లోనే తెలిసిపోతుంది. నవలలో రచయిత పది పుస్తకాల మీద తీరుబడిగా పరిచే స్వభావాన్ని టీవీ ఇలా ఒక్క సీన్‌లో చెప్పేయాలి.

తప్పుడు ఊహ పేజీ మీద చవక, తెర మీద ఖరీదు

డెక్స్టర్ నవలల ప్రత్యేకత ఏమిటంటే మోర్స్ తరచూ పొరబడతాడు. డెక్స్టర్‌కి క్రాస్‌వర్డ్ పిచ్చి. పోటీల్లో తనతో తలపడే జెరెమీ మోర్స్ అనే బ్యాంకర్ పేరును హీరోకి పెట్టాడు, లూయిస్ పేరు కూడా ఇంకో పోటీదారు వాడే మారుపేరులోదే. క్రాస్‌వర్డ్‌లో ఒక గడి తప్పు నింపితే దాని మీద ఆధారపడిన నాలుగు గడులూ తప్పుతాయి, మళ్లీ చెరిపి రాయాలి. మోర్స్ బుర్ర కూడా అలాగే పనిచేస్తుంది. జెరికో కేసులో గ్రీకు పురాణంలోని ఈడిపస్ (తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్లాడినవాడు) కథ చుట్టూ పెద్ద సిద్ధాంతం కడతాడు. ఎంత అందంగా కడతాడంటే మనం నమ్మేస్తాం. తర్వాత అది కూలిపోతుంది. 1976 నాటి 'లాస్ట్ సీన్ వేరింగ్'లో కనిపించకుండా పోయిన అమ్మాయి బతికి ఉందా లేదా అన్న దాని మీద అతని అభిప్రాయం ఎన్నిసార్లు తిరగబడుతుందో చదివేవాడికి గుర్తుండదు.

పుస్తకంలో ఇలాంటి తప్పుడు సిద్ధాంతానికి కావలసింది నాలుగు పేరాలు. రచయితకి పైసా ఖర్చు లేదు. తెర మీద అలా కాదు. మోర్స్ ఊహను చూపించాలంటే జరగని సంఘటనను నటులతో నటింపజేసి తీయాలి, లేదా మోర్స్ కూర్చుని పది నిమిషాలు ఉపన్యాసం చెప్పాలి. మొదటిదానికి డబ్బూ టైమూ కావాలి. రెండోదానికి ప్రేక్షకుడు రిమోట్ అందుకుంటాడు. అందుకే నవలలో నాలుగైదు సార్లు పొరబడే మోర్స్ సినిమాలో ఒకటి రెండు సార్లే పొరబడతాడు. దీనివల్ల టీవీ మోర్స్ నవలలోని మోర్స్ కంటే తెలివైనవాడిగా కనిపిస్తాడు. ఇది ఎవరో కావాలని చేసిన మార్పు కాదు, నిడివి చేసిన మార్పు.

రెండో ఇబ్బంది దాచడం. పజిల్ నవలలో పాఠకుడితో ఒక ఒప్పందం ఉంటుంది: క్లూలన్నీ కళ్ల ముందే పెడతాను, నువ్వే చూసుకో. రచయిత "ఒక వ్యక్తి తలుపు తట్టాడు" అని రాసి ఊరుకోవచ్చు. కెమెరాకి ఆ సౌకర్యం లేదు. ఆ వ్యక్తికి ఎత్తు ఉంటుంది, నడక ఉంటుంది, చేతులు ఉంటాయి. చీకట్లో చూపించినా, కాళ్లు మాత్రమే చూపించినా ప్రేక్షకుడు వెంటనే "ఓహో, ఇక్కడేదో దాస్తున్నారు" అని పట్టేస్తాడు. శవం ఎవరిది అన్న ప్రశ్న మీద నడిచే నవలలు తెర మీద ఇంకా కష్టం. పుస్తకంలో శవం ఒక పేరు మాత్రమే. తెర మీద అది మనం ఇంతకుముందు చూసిన ముఖమో, చూడని ముఖమో అయి తీరాలి.

దీనికి మంచి ఉదాహరణ 1977 నాటి మూడో నవల 'ద సైలెంట్ వరల్డ్ ఆఫ్ నికొలస్ క్విన్'. విదేశాల విద్యార్థులకు పరీక్షలు నిర్వహించే ఒక సంస్థలో క్విన్ ఉద్యోగి. అతనికి చెవుడు. ఎదుటివాళ్ల పెదాల కదలిక చూసి మాట పోల్చుకుంటాడు. డెక్స్టర్ స్వయంగా వినికిడి తగ్గి స్కూల్లో పాఠాలు చెప్పడం మానేసి, 1966లో ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షల సంస్థలో చేరిన మనిషి. కాబట్టి ఆ లోకం అతనికి లోపలినుంచి తెలుసు. పెదాలు చదవడంలో ఉన్న ప్రమాదం ఏమిటంటే కొన్ని శబ్దాలు పెదాల మీద ఒకేలా ఉంటాయి. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా "పాట", "బాట", "మాట" అని చూడండి. మూడూ ఒక్కటే. నవలలో ఈ అయోమయానికి కీలకమైన చోటు ఉంది.

దీన్ని తెర మీద ఎలా చూపించాలి? సౌండ్ ఉంచితే ప్రేక్షకుడికి అసలు మాటే వినపడుతుంది, క్లూ అక్కడికక్కడే పోతుంది. సౌండ్ తీసేస్తే "ఇదిగో క్లూ" అని వేలు పెట్టి చూపించినట్టవుతుంది. పుస్తకంలో ఈ సమస్యే లేదు, ఎందుకంటే పేజీలో అందరూ చెవిటివాళ్లే. దృశ్యం ప్రధానమైన క్లూ కాబట్టి సినిమాకి బాగా పనికొస్తుందని మొదట అనిపిస్తుంది గానీ, తీయబోయేసరికి తెలుస్తుంది కష్టం.

లూయిస్ వయసు ఎందుకు తగ్గింది

నవలల్లో మొదట కనిపించే లూయిస్ మోర్స్ కంటే కాస్త పెద్దవాడు, వేల్స్ ప్రాంతం మనిషి, ఒకప్పుడు బాక్సింగ్ చేసినవాడు. టీవీలో కెవిన్ వేట్లీ వేసిన లూయిస్ కుర్రాడు. భార్యా పిల్లలూ, ఇంగ్లండ్ ఈశాన్యం యాస. చాలామంది ఈ మార్పును నటుడు దొరికిన దాన్ని బట్టి జరిగిందనుకుంటారు. కొంత నిజమే కావచ్చు గానీ, అంతకంటే బలమైన కారణం కథ చెప్పే పద్ధతిలోనే ఉంది.

నవలలో మోర్స్ ఏం ఆలోచిస్తున్నాడో రచయితే చెబుతాడు. డెక్స్టర్ గొంతు చాలా చిలిపిగా ఉంటుంది. అధ్యాయం మొదట్లో ఏదో ఒక సూక్తి పెడతాడు, మధ్యలో హీరోనే వెక్కిరిస్తాడు. తెర మీద ఆ గొంతు ఉండదు. కాబట్టి మోర్స్ తన ఆలోచనని ఎవరికో ఒకరికి పైకి చెప్పాలి. తోటివయసు వాడితో అయితే చర్చ అవుతుంది. చదువుకున్నవాడికి చదువుకోనివాడు, ఒంటరివాడికి సంసారి, పెద్దాయనకి కుర్రాడు ఎదురైతే అక్కడ ప్రతి సంభాషణలోనూ చిన్న రాపిడి ఉంటుంది. వివరణ కూడా నాటకంలా నడుస్తుంది. పబ్‌లో బీరు బిల్లు ఎప్పుడూ లూయిస్ చేతే కట్టించే మోర్స్ పిసినారితనం నవలల్లోనూ ఉంది. కానీ ఇద్దరు పిల్లల తండ్రి, చిన్న జీతగాడు కడుతుంటే అది ఇంకా బాగా పండుతుంది.

మోర్స్‌లో కూడా కొంత కడిగేశారు. నవలల్లో అతనికి ఆడవాళ్ల మీద చూపు కాస్త మోటుగా ఉంటుంది, బూతు పత్రికల మీద ఆసక్తీ ఉంటుంది. జాన్ థా చేసిన మోర్స్ ప్రేమలో ప్రతిసారీ దెబ్బతినే పెద్దమనిషి. ఆదివారం రాత్రో మంగళవారం రాత్రో ఇంటిల్లిపాదీ చూసే టీవీకి ఆ మోటుతనం కుదరదన్నది ఒక కారణం. నా మటుకు ఇక్కడ టీవీ పోగొట్టుకున్నది తక్కువ, సంపాదించింది ఎక్కువ. అయితే నవలలు ముందు చదివినవాళ్లలో కొందరు దీన్నే పెద్ద ఫిర్యాదుగా చెబుతారు. లోపాలున్న మనిషిని తెచ్చి షోకేసులో పెట్టారంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

కారు సంగతి ఇంకో రకం. నవలల్లో మొదట మోర్స్ నడిపేది లాన్సియా. టీవీలో ఎర్ర జాగ్వార్ మార్క్ 2. దీనికి కథలో ఏ అవసరమూ లేదు, చూడ్డానికి బాగుంటుంది, అంతే. తమాషా ఏమిటంటే తర్వాత రాసిన నవలల్లో డెక్స్టర్ కూడా మోర్స్‌కి జాగ్వారే ఇచ్చాడు. వెండితెరైనా బుల్లితెరైనా నవల నుంచి తీసుకుంటుందని అంటాం. ఇక్కడ నవలే తెర నుంచి తీసుకుంది.

పోయిన రచయిత గొంతుకు బదులుగా టీవీ ఇచ్చింది సంగీతం. బారింగ్టన్ ఫెలూంగ్ టైటిల్ మ్యూజిక్‌ని టెలిగ్రాఫ్ మోర్స్ కోడ్‌లో హీరో పేరు వచ్చేలా కట్టాడు. కొన్ని ఎపిసోడ్లలో అదే కోడ్‌లో హంతకుడి పేరు, ఒక్కోసారి తప్పుదారి పట్టించే పేరు దాచాడు. పజిల్ రాసే రచయితకి ఇంతకంటే తగిన జవాబు ఏముంటుంది. అన్నట్టు డెక్స్టర్ కూడా దాదాపు అన్ని సినిమాల్లో ఏదో ఒక మూల క్షణంపాటు కనిపిస్తాడు, హిచ్‌కాక్ లాగ.

హోటల్ పోయి కార్ పార్కింగ్ వచ్చింది

పైవన్నీ మూలకథ ఉంచి చేసిన మార్పులు. కొన్నిచోట్ల కథే వేరయింది. 1986 నాటి 'ద సీక్రెట్ ఆఫ్ ఆనెక్స్ 3' నవలలో హత్య ఒక హోటల్లో న్యూ ఇయర్ వేషాల పార్టీ రాత్రి జరుగుతుంది. 1989లో దాని ఆధారంగా వచ్చిన సినిమా పేరు 'ద సీక్రెట్ ఆఫ్ బే 5బి'. హత్య జరిగేది అంతస్తుల కార్ పార్కింగ్‌లో. హోటల్ లేదు, వేషాలూ లేవు. వేషం వేసుకున్న మనిషి ఎవరో తెలియకపోవడం మీద నడిచే నవలని కెమెరా ముందు పెడితే ఏమవుతుందో ఇందాక చూశాం. సినిమా వాళ్లు ఆ పోరాటమే వద్దనుకున్నట్టుంది.

'ద వెంచ్ ఈజ్ డెడ్' ఇంకా చిత్రమైన కేసు. 1989లో వచ్చిన ఈ నవలకి బ్రిటిష్ క్రైమ్ రచయితల సంఘం గోల్డ్ డాగర్ అవార్డు ఇచ్చింది. ఇందులో మోర్స్ కడుపులో పుండుతో ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. కాలక్షేపానికి 1859లో ఆక్స్‌ఫర్డ్ కాలవ మీద జరిగిన ఒక హత్య గురించిన చిన్న పుస్తకం చదివి, అప్పుడు ఉరితీసినవాళ్లు నిర్దోషులేమో అని అనుమానిస్తాడు. హీరో పడకమీద, సాక్షులంతా చనిపోయి నూరేళ్లు దాటింది. చదవడానికి అద్భుతం. సినిమా తీయడానికి అంత అనువుగాని కథ ఇంకోటి ఉండదు. టీవీ వాళ్లు దాన్ని 1998 దాకా ముట్టుకోలేదు. తీసినప్పుడు 1859 నాటి భాగాన్ని కాలవ, పడవలు, కోర్టుతో విడిగా చిత్రించారు. పైగా అప్పుడు వేట్లీ లేడు. లూయిస్ బదులు కెర్షా అనే కుర్ర కానిస్టేబుల్‌ని పెట్టారు. నవలలోనైతే లూయిస్ ఉన్నాడు.

నవలలు అయిపోతే ఏం చేస్తారు?

1987లో మొదలయ్యేనాటికి ఉన్న నవలలు ఏడు. ఏడాదికి మూడు నాలుగు సినిమాలు తీస్తుంటే రెండు మూడేళ్లలో సరుకు ఖాళీ. ఇక్కడ మొదలవుతుంది అసలు తికమక. డెక్స్టర్ ఇచ్చిన కథాంశాలతో కొన్ని, పూర్తిగా కొత్తగా కొన్ని రాయించారు. జూలియన్ మిచెల్ వంటి నాటక రచయితలు రాశారు. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' తీసిన డానీ బాయిల్ అప్పటికి పేరు రాని దర్శకుడు, ఇందులో రెండు సినిమాలు తీశాడు. చివరికి 33లో 20 దాకా ఏ నవల నుంచీ రానివే. మోర్స్‌ని చూసి "డెక్స్టర్ బాగా రాశాడు" అని మెచ్చుకున్న కథల్లో చాలావాటిని ఆయన రాయలేదన్నమాట.

ఇందులో ఒక్కదాని దారి తలకిందులు. 1987 చివర్లో 'ద వుల్వర్‌కోట్ టంగ్' అనే సినిమా వచ్చింది. డెక్స్టర్ ఇచ్చిన కథాంశంతో జూలియన్ మిచెల్ స్క్రీన్‌ప్లే రాశాడు. అమెరికన్ టూరిస్టులు, పోయిన పాతకాలపు నగ, ఒక శవం. నాలుగేళ్ల తర్వాత 1991లో డెక్స్టర్ అదే కథాంశాన్ని 'ద జూయెల్ దట్ వజ్ అవర్స్' అన్న నవలగా రాశాడు, ముగింపు మార్చి. సినిమా చూసినవాళ్లకి హంతకుడు తెలుసు కదా మరి. ఇప్పుడు చెప్పండి, ఏది మూలం, ఏది అనుసరణ?

టైటిల్స్‌లో కనిపించే రెండు వాక్యాల తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. "నవల ఆధారంగా" అంటే ఆ కథను వాడుకునే హక్కు కొన్నారని. "పాత్రల ఆధారంగా" అంటే మనిషిని మాత్రమే తీసుకున్నారు, కథ వేరేవాళ్లదని. రెండోది రాసి ఉంటే నవలతో పోల్చి తప్పు పట్టడానికి నవలే ఉండదు. స్వీడన్ డిటెక్టివ్ వలాండర్‌ది కూడా ఇదే దారి. క్రిస్టర్ హెన్రిక్‌సన్ నటించిన సిరీస్‌లో మొదటి సినిమాకి నవల ఉంది. తర్వాతివాటిలో దాదాపు అన్నిటికీ కొత్త కథలు రాసుకుంటూ పోయారు.

పాత్ర మీద హక్కు ఎంతవరకు అన్నది కోర్టులకే తలనొప్పి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు, బ్రిటన్‌లో 70 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. అమెరికాలో లెక్క వేరు, పాత రచనలకు ప్రచురించిన సంవత్సరం నుంచి లెక్కిస్తారు. అందువల్ల షెర్లాక్ హోమ్స్ కథల్లో చాలావాటికి గడువు తీరినా చివరి కొన్నిటికి మిగిలి ఉండేది. 2014లో అక్కడి అప్పీలు కోర్టు గడువు తీరిన కథల్లోని హోమ్స్‌ని ఎవరైనా వాడుకోవచ్చని చెప్పింది. 2020లో నెట్‌ఫ్లిక్స్ సినిమా 'ఎనోలా హోమ్స్' మీద హోమ్స్ రచయిత కానన్ డాయిల్ హక్కులు చూసే ఎస్టేట్ ఇంకో కేసు వేసింది. హోమ్స్‌లో ఆప్యాయత, జాలి కనిపించేది చివరి కథల్లోనే, వాటికి గడువు తీరలేదు, కాబట్టి జాలిపడే హోమ్స్ మాదేనని వాదన. తీర్పు దాకా పోకుండానే ఆ ఏడాదే కేసు ముగిసింది.

హంతకుణ్ణి మార్చవచ్చా?

ఇక వాదన. మార్చకూడదనేవాళ్లు చెప్పేది ఇది: పజిల్ నవల ఒక యంత్రం, ముగింపు కోసమే మిగతా భాగాలన్నీ అమర్చి ఉంటాయి, ముగింపు మారిస్తే ముందున్న క్లూలు అబద్ధమవుతాయి. అగాథా క్రిస్టీ నవలల్లోని పరిశోధకురాలు మిస్ మార్పుల్‌గా జోన్ హిక్సన్‌ని పెట్టి బీబీసీ 1984 నుంచి 1992 దాకా తీసిన 12 నవలలను వాళ్లు ఉదాహరణగా చూపిస్తారు. కథలో పెద్దగా వేలు పెట్టలేదు, ఇప్పటికీ జనం చూస్తున్నారు.

మార్చవచ్చనేవాళ్లు ఇంకోటి అడుగుతారు. కోట్లమంది చదివేసిన నవలలో హంతకుడెవరో అందరికీ తెలుసు, మరి సస్పెన్స్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఐటీవీ 2004లో మళ్లీ మొదలుపెట్టిన 'మార్పుల్'లో తొలి సినిమా 'ద బాడీ ఇన్ ద లైబ్రరీ'లోనే ముగింపు మార్చారు. 2006లో 'బై ద ప్రికింగ్ ఆఫ్ మై థంబ్స్' తీశారు. ఆ నవలలో మిస్ మార్పుల్ అసలు లేదు, టామీ, టప్పెన్స్ అనే వేరే జంట కథ అది. మార్పుల్‌ని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. ఇది చాలామందికి మింగుడుపడలేదు. నాకూ ఇది అతుకులాగే కనిపిస్తుంది. కారణం హంతకుడు మారడం కాదు, ఒక పరిశోధకురాలి ఆలోచనా పద్ధతికి సరిపోయేలా అల్లిన క్లూలు ఇంకొకరి చేతికి ఇస్తే సరిగ్గా పట్టవు.

అయితే మార్పుని సమర్థించేవాళ్లకి మోర్స్ గట్టి సాక్ష్యం. జెరికో సినిమాలో పరిచయం మార్చారు, పేర్లు మార్చారు, లూయిస్ వయసు మార్చారు. డెక్స్టర్ అభ్యంతరం చెప్పకపోగా తర్వాతి నవలల్ని ఆ సినిమాలకు దగ్గరగా జరిపాడు. ఈడిపస్ సిద్ధాంతం మాత్రం ఉంచారు, అది కూలడమూ ఉంచారు. తెలివైనవాడు తన తెలివి మీద ప్రేమతో పొరబడటమే ఆ నవలకి ప్రాణం. అది పోతే మిగతా అంతా పొల్లుపోకుండా తీసినా మోర్స్ సినిమా అయ్యేది కాదు. కార్ పార్కింగ్ సినిమా దగ్గర నాకు అసంతృప్తి అందుకే, హోటల్ పోయినందుకు కాదు.

పుస్తకానికా, పాత సినిమాకా?

డెక్స్టర్ 1999లో 'ద రిమోర్స్‌ఫుల్ డే'తో మోర్స్‌ని చంపేశాడు. 2000 నవంబరులో సినిమా వచ్చింది. 2002లో జాన్ థా, 2017లో డెక్స్టర్ కన్నుమూశారు. కథ అక్కడితో ఆగలేదు. 2006 నుంచి 2015 దాకా లూయిస్ హీరోగా 'లూయిస్' సిరీస్ వచ్చింది. 2012లో మోర్స్ కుర్రతనం మీద 'ఎండెవర్' అనే టెలిఫిల్మ్ వచ్చి, అదీ సిరీస్‌గా మారి 2023 దాకా నడిచింది. ఎండెవర్ అన్నది మోర్స్ మొదటి పేరు. 1996 నవల దాకా పాఠకులకు, 1997 సినిమా దాకా ప్రేక్షకులకు చెప్పకుండా దాచిన పేరు. షాన్ ఇవాన్స్ హీరో, రసెల్ లూయిస్ రచన, కాలం 1965 నుంచి మొదలు.

ఇక్కడ కొత్త రకం బాధ్యత వచ్చిపడింది. దీనికి మూలంగా నవల ఏదీ లేదు. కానీ కుర్ర మోర్స్ చివరికి జాన్ థా అవ్వాలి, అదీ నవలల మోర్స్ కాదు, టీవీ మోర్స్. జాగ్వార్ ఉండాలి, సంగీతం ఉండాలి, ప్రేమలో ఓడిపోవాలి. పైగా ఈ సిరీస్‌లో అతనికి గురువూ తండ్రీ లాంటి ఫ్రెడ్ థర్స్‌డే అనే అధికారి ఉన్నాడు. ప్రేక్షకులు అతన్ని మోర్స్‌తో సమానంగా ఇష్టపడ్డారు. అయితే థర్స్‌డే పేరు 13 నవలల్లోనూ లేదు, 33 సినిమాల్లోనూ లేదు. అంత దగ్గరి మనిషి గురించి మోర్స్ తర్వాత ఒక్కసారైనా ఎందుకు మాట్లాడడు? తొమ్మిది సీజన్ల పాటు అభిమానులు అడుగుతూ వచ్చిన ఈ ప్రశ్నకి రసెల్ లూయిస్ 2023లో చివరి ఎపిసోడ్‌లో జవాబు రాయాల్సి వచ్చింది, ముప్ఫై ఏళ్ల కిందట వేరేవాళ్లు తీసిన సినిమాల్లోని ఒక మౌనాన్ని సమర్థించడానికి.